ఎమ్యులేటర్‌లో ఇన్‌స్ట్రక్షన్ లక్షణాలను బిట్లుగా రాసుకోవడం: 6502తో సమగ్ర మార్గదర్శి

ఎమ్యులేటర్ (ఒక యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది ముందుగా రాసేది ఒక పొడవాటి స్విచ్. 256 ఆప్‌కోడ్‌లు (ఏ పని చేయాలో ప్రాసెసర్‌కు చెప్పే సంఖ్యలు), 256 కేసులు. అది పని చేస్తుంది, తెర మీద బొమ్మ కదులుతుంది, ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టదు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. డిసెంబ్లర్ (మెషీన్ కోడ్‌ను చదవగలిగే ఇన్‌స్ట్రక్షన్ పేర్లుగా మార్చేది) కావాలనిపిస్తుంది. దానికి ప్రతి ఇన్‌స్ట్రక్షన్ ఎన్ని బైట్లో తెలియాలి కాబట్టి రెండో స్విచ్ పుడుతుంది. డీబగ్గర్‌లో సబ్‌రొటీన్ లోపలికి దిగకుండా దాటిపోయే బటన్ పెట్టాలంటే ఏది కాల్, ఏది కాదు అన్నది తెలియాలి. అది మూడో స్విచ్. వేగం కోసం జిట్ కంపైలర్‌కు (నడుస్తుండగానే ఆ కోడ్‌ను మన కంప్యూటర్ సొంత కోడ్‌గా మార్చేది) దిగితే ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర కోడ్ దారి మళ్లుతుందో తెలియాలి. అది నాలుగోది. ఒకే చిప్ గురించిన సమాచారం నాలుగు చోట్ల చెదిరిపోతుంది. ఒకచోట తప్పు దిద్దితే మిగిలిన మూడింటిలో అది అలాగే ఉండిపోతుంది.

దీనికి విరుగుడు ఒక పట్టిక. ప్రతి ఆప్‌కోడ్‌కు ఒక పూర్ణాంకం, ఆ పూర్ణాంకంలోని ప్రతి బిట్ ఒక అవును-కాదు ప్రశ్నకు జవాబు. మెమరీలో రాస్తుందా? దారి మళ్లిస్తుందా? క్యారీ ఫ్లాగును చదువుతుందా? ఇన్‌స్ట్రక్షన్‌ను నడిపే మొదటి స్విచ్ ఉంటుంది, మిగిలిన మూడూ పోయి, అందరూ ఒకే పట్టికను చూసే పరిస్థితి వస్తుంది.

ఉదాహరణకు 6502ను తీసుకుంటున్నాను. 1975లో మాస్ టెక్నాలజీ తెచ్చిన ఈ ఎనిమిది బిట్ల చిప్ యాపిల్ 2లో ఉంది. దీని రూపాంతరాలు కమడోర్ 64లోనూ, నింటెండో ఫామికామ్‌లోనూ ఉన్నాయి. 56 ఇన్‌స్ట్రక్షన్ పేర్లు, 13 అడ్రసింగ్ మోడ్‌లు (డేటా ఎక్కడుందో చెప్పే పద్ధతులు), రెండూ కలిసి మాన్యువల్‌లో ఉన్న ఆప్‌కోడ్‌లు 151. తలలో పట్టేంత చిన్నది, చిక్కులు మాత్రం పెద్ద చిప్‌లకు ఏమాత్రం తీసిపోవు.

ముందుగా పేర్ల గొడవ

ఫ్లాగ్ అనే మాట ఇక్కడ రెండు చోట్ల వస్తుంది. ప్రాసెసర్ స్టేటస్ రిజిస్టర్‌లో ఉండే క్యారీ, జీరో, నెగటివ్ వంటివి ఒక రకం. మనం పట్టికలో పెట్టబోయేవి ఇంకో రకం. రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే నెల తిరిగేసరికి మీ కోడ్ మీకే అర్థం కాదు. అందుకే ఈ వ్యాసంలో మొదటివి స్టేటస్ ఫ్లాగులు, రెండోవి లక్షణ బిట్లు. మీ కోడ్‌లోనూ ఈ విభజన పాటించండి.

ఉదాహరణ పంక్తులన్నీ తెలుగు పేర్లతో రాశాను. వాటిని మీ ప్రోగ్రామింగ్ భాషలోకి మార్చుకోవాలి. గుర్తులు మాత్రం సి భాషవే: & అంటే రెండింటిలోనూ ఉన్న బిట్లు, | అంటే ఏదో ఒకదానిలో ఉన్నవి, ~ అంటే తిరగేసినవి, << అంటే ఎడమకు జరపడం.

1. ఎవరు ఏమి అడుగుతారో రాసుకోండి

బిట్ల జాబితాతో మొదలుపెట్టవద్దు. పట్టికను వాడబోయే వాళ్ల ప్రశ్నలతో మొదలుపెట్టండి. డిసెంబ్లర్ పొడవును, అడ్రసింగ్ మోడ్‌ను అడుగుతుంది. డీబగ్గర్ కాల్, రిటర్న్, మెమరీ రాతలను అడుగుతుంది. సైకిళ్లు లెక్కపెట్టే భాగం పేజీ (256 బైట్ల మెమరీ ముక్క) దాటితే అదనపు సైకిల్ పడుతుందా అని అడుగుతుంది. జిట్ అన్నీ అడుగుతుంది. ఎవరూ అడగని ప్రశ్నకు బిట్ కేటాయిస్తే దాన్ని ఎవరూ పరీక్షించరు. పరీక్షించని బిట్ ఏదో ఒక రోజు తప్పుగానే దొరుకుతుంది.

ప్రతి బిట్‌కూ ఒక వాక్యంలో నిర్వచనం రాయండి. సులువనిపిస్తుంది కానీ కాదు. "మెమరీ చదువుతుంది" అనే బిట్‌నే చూడండి. ప్రతి ఇన్‌స్ట్రక్షన్ తన ఆప్‌కోడ్‌ను మెమరీ నుంచే చదువుతుంది, మరి అన్నిటికీ ఈ బిట్ పెట్టాలా? పీఎల్‌ఏ స్టాక్ (విలువలను, తిరుగు చిరునామాలను పేర్చి పెట్టుకునే మెమరీ) నుంచి చదువుతుంది, అది లెక్కలోకి వస్తుందా? పరోక్ష జేఎంపీ (జంప్) వెళ్లాల్సిన చిరునామాను మెమరీ నుంచి తెచ్చుకుంటుంది, అది డేటానా? నా నిర్వచనం ఇది: "ఆపరాండ్ సూచించే చిరునామా నుంచి డేటా బైట్ చదువుతుంది, స్టాక్, పాయింటర్ చదువులు ఇందులోకి రావు." మీది వేరుగా ఉన్నా నష్టం లేదు. రాసి పెట్టకపోతేనే నష్టం.

2. చిప్ గురించిన నిజం వేరు, మీ నిర్ణయం వేరు

ఈ మొత్తం పనిలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే. నా మొదటి పట్టికలో "బ్లాక్ ఇక్కడ ముగించు" అని ఒక బిట్ ఉండేది. బ్లాక్ అంటే జిట్ ఒకే ఊపులో అనువదించే ఇన్‌స్ట్రక్షన్ల వరుస. జిట్‌కు అదే కావాలి కదా అనుకున్నాను. బ్రాంచ్‌లకు పెట్టాను, జంప్‌లకు పెట్టాను. తర్వాత సీఎల్‌ఐకి కూడా పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే అది ఇంటరప్ట్‌లకు (పని మధ్యలో ప్రాసెసర్‌ను ఆపి పిలిచే సంకేతాలకు) తలుపు తెరిచాక వాటిని ఒకసారి చూసుకోవాలి. కొన్నాళ్లకు డీబగ్గర్ ఆ బిట్‌నే "దారి మళ్లుతుంది" అనే అర్థంలో వాడుకుంది. సీఎల్‌ఐ దగ్గర బాణం గుర్తు గీసి, ఎక్కడికీ పోని బాణంగా వదిలేసింది.

ఆ బిట్ చిప్ గురించి ఏమీ చెప్పడం లేదు. నా జిట్ ఏం చేయాలనుకుందో చెబుతోంది. పట్టికలో ఉండాల్సింది "ప్రోగ్రామ్ కౌంటర్‌ను మారుస్తుంది", "ఇంటరప్ట్ ఫ్లాగును మారుస్తుంది" అనే రెండు నిజాలు. బ్లాక్ ముగించాలా వద్దా అన్నది ఆ రెండింటికి చిప్‌ను ఆపేసే బిట్‌ను కలిపి జిట్ తేల్చుకుంటుంది:

బ్లాక్_ముగింపు = దారి_మార్చేది | ఐ_ఫ్లాగ్_రాసేది | ఆగిపోయేది

రేపు జిట్ పద్ధతి మారితే ఈ ఒక్క పంక్తి మారుతుంది, పట్టిక కదలదు. గేమ్‌క్యూబ్‌ను అనుకరించే డాల్ఫిన్‌లో పవర్‌పీసీ ఇన్‌స్ట్రక్షన్ల పట్టికకు బ్లాక్ ముగించమనే బిట్ ఉంది. నా నియమాన్ని అది పాటించదు, అయినా హాయిగా నడుస్తోంది. కాబట్టి దీన్ని శాసనంగా తీసుకోవద్దు. అయితే ఒకే పట్టికను ముగ్గురు నలుగురు వాడబోతున్నప్పుడు నేను మాత్రం ఈ గీత దాటను.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది: ఉన్న బిట్ల నుంచి లేని లక్షణాన్ని రాబట్టే తెలివి. 6502లో సీఎల్‌ఐ, ఎస్‌ఈఐ (ఇంటరప్ట్‌లకు తలుపు మూసేది), పీఎల్‌పీ (స్టాక్ నుంచి స్టేటస్‌ను తెచ్చుకునేది) ఇంటరప్ట్ ఫ్లాగును మార్చినా, దాని ప్రభావం ఒక ఇన్‌స్ట్రక్షన్ ఆలస్యంగా కనిపిస్తుంది. ఆర్‌టీఐకి (ఇంటరప్ట్ నుంచి తిరిగొచ్చేది) ఆ ఆలస్యం లేదు. "ఐ ఫ్లాగును రాసి, దారి మార్చనివి ఆలస్యమవుతాయి" అని ఒక సూత్రం అల్లవచ్చు. లెక్క సరిపోతుంది కూడా. కానీ అది కాకతాళీయం. చిప్ ఇంటరప్ట్ ఉందా అని చూసేది ఇన్‌స్ట్రక్షన్ చివరి సైకిల్‌కు ముందు. మొదటి మూడూ ఫ్లాగును ఆ చూపు అయిపోయాక మారుస్తాయి. ఆర్‌టీఐ మాత్రం స్టేటస్‌ను ముందే తెచ్చుకుని, ఆ తర్వాత తిరుగు చిరునామా తెచ్చుకుంటుంది. కారణానికి, నా సూత్రానికి సంబంధం లేదు. ఇలాంటి దానికి సొంత బిట్ ఇవ్వాలి.

కారణం నిజమైనదైతే రాబట్టుకోవడంలో తప్పు లేదు. డేటా చదివే బిట్, రాసే బిట్ రెండూ ఉన్నాయంటే అది చదివి-మార్చి-రాసే ఇన్‌స్ట్రక్షన్ అనే అర్థం. ఐఎన్‌సీ, ఏఎస్‌ఎల్ మెమరీ మీద పని చేసేటప్పుడు ఇంతే. దానికి మూడో బిట్ దండగ.

3. బిట్టా, ఫీల్డా?

ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ రెండు లక్షణాలు ఒకే ఇన్‌స్ట్రక్షన్‌కు ఒకేసారి ఉండగలవా? ఉండగలిగితే విడి బిట్లు. ఉండలేకపోతే ఫీల్డ్, అంటే కొన్ని బిట్లను కలిపి చిన్న సంఖ్యగా వాడటం.

13 అడ్రసింగ్ మోడ్‌లకు 13 బిట్లు ఇస్తే, ఒకే ఆప్‌కోడ్‌కు పొరపాటున రెండు మోడ్‌లు పడే వీలుంటుంది. నాలుగు బిట్ల ఫీల్డ్ ఇస్తే ఆ పొరపాటుకు చోటే లేదు. నాలుగు బిట్లలో 16 విలువలు పడతాయి. సున్నాను ఏ మోడ్‌కూ ఇవ్వకండి, "ఇంకా నింపలేదు" అనే అర్థానికి వదిలేయండి. లేకపోతే మీరు మరచిపోయిన గడి ఏ లక్షణమూ లేని అమాయకపు ఒక బైట్ ఇన్‌స్ట్రక్షన్‌లా నటిస్తుంది.

సైకిళ్లకు కూడా ఫీల్డే. మాన్యువల్‌లో ఉన్నవన్నీ 2 నుంచి 7 సైకిళ్లలో ముగుస్తాయి. మాన్యువల్‌లో లేని కొన్ని 8 దాకా పోతాయి. రెండు తీసేసి దాచుకుంటే మూడు బిట్లు చాలు. అలా ఒక బిట్ మిగిల్చి, ప్రతి చోటా రెండు కలపడం గుర్తుపెట్టుకోవడం కన్నా నాలుగు బిట్లు ఖర్చు పెట్టడం మేలు.

పొడవుకు అసలు చోటే అక్కరలేదు. అది మోడ్‌ను బట్టి తేలిపోతుంది. బీఆర్‌కే (ప్రోగ్రామే పిలిచే ఇంటరప్ట్) మాత్రం మొండిది: ఒక బైట్ ఇన్‌స్ట్రక్షన్‌లా కనిపిస్తుంది, స్టాక్ మీదికి నెట్టే తిరుగు చిరునామా మాత్రం రెండు బైట్ల తర్వాతది.

4. గదుల పంపకం

32 బిట్లతో మొదలుపెడితే నిండిపోతాయి. నాకు నిండిపోయాయి. 64 బిట్లు తీసుకుంటే 256 గడులకు 2048 బైట్లు. 32 కిలోబైట్ల మొదటి స్థాయి క్యాష్‌లో అది ఒక మూల. పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు.

నా పంపకం ఇలా ఉంది:

- 0–7: రాసే స్టేటస్ ఫ్లాగులు
- 8–15: చదివే స్టేటస్ ఫ్లాగులు
- 16–19: అడ్రసింగ్ మోడ్
- 20–23: కనీస సైకిళ్లు
- 24–27: రాసే రిజిస్టర్లు (ఏ, ఎక్స్, వై, ఎస్)
- 28–31: చదివే రిజిస్టర్లు
- 32, 33: మెమరీ నుంచి డేటా చదవడం, మెమరీకి రాయడం
- 34: పేజీ దాటితే అదనపు సైకిల్
- 35, 36: దారి మార్చడం, షరతు మీద మార్చడం
- 37, 38: కాల్, రిటర్న్
- 39: ఇంటరప్ట్ చూపు అయ్యాక ఫ్లాగు మార్చడం
- 40, 41: మాన్యువల్‌లో లేనిది, చిప్‌ను ఆపేసేది

మొదటి రెండు వరుసల్లో ఒక సౌకర్యం ఉంది. ఫ్లాగుల క్రమాన్ని నేను కనిపెట్టలేదు, 6502 స్టేటస్ రిజిస్టర్‌లో ఉన్న క్రమాన్నే ఉంచాను (ఎన్ నెగటివ్, వీ ఓవర్‌ఫ్లో, డీ డెసిమల్, ఐ ఇంటరప్ట్ నిరోధం, జెడ్ జీరో, సీ క్యారీ):

ఎన్ = 1 << 7
వీ = 1 << 6
డీ = 1 << 3
ఐ = 1 << 2
జెడ్ = 1 << 1
సీ = 1 << 0

దీనివల్ల పట్టికలోని మాస్క్‌ను (ఏ బిట్లు కావాలో చూపే సంఖ్యను) అసలు స్టేటస్ బైట్ మీద నేరుగా ప్రయోగించవచ్చు. 4, 5 స్థానాలు ఖాళీగా మిగులుతాయి. 5కు అర్థం లేదు. 4 అనేది బ్రేక్ గుర్తు, అది స్టాక్ మీదికి నెట్టిన నకలులో మాత్రమే కనిపిస్తుంది, చిప్ లోపల దాచుకునే ఫ్లాగు కాదు. ఆ రెండు ఖాళీలనూ మరి దేనికైనా వాడుకుందామన్న కోరిక పుడుతుంది. చంపేయండి. నేరుగా ప్రయోగించే సౌకర్యం పోతుంది.

మెషీన్ స్థాయిలో కాచుకు కూర్చునే తప్పులు కొన్ని ఉన్నాయి. సి భాషలో మామూలు 1ని 40 స్థానాలు జరిపితే ఫలితం ఏమవుతుందో భాష హామీ ఇవ్వదు, ఎందుకంటే ఆ 1 చాలా చోట్ల 32 బిట్లదే. 64 బిట్ల గుర్తులేని 1నే జరపాలి. == గుర్తుకు & కన్నా ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి బ్రాకెట్లు లేకుండా "లక్షణాలు & మాస్క్ == 0" అని రాస్తే ముందు పోలిక జరిగిపోతుంది. వీటికన్నా నిశ్శబ్దమైనది మూడోది. 64 బిట్ల లక్షణాల నుంచి ఒక బిట్ తీసేయడానికి 32 బిట్ల గుర్తులేని మాస్క్‌ను ~తో తిరగేసి & చేస్తే, పై 32 బిట్లు సున్నాలతో నిండి, అక్కడున్న లక్షణాలన్నీ మాయమవుతాయి. కంపైలర్ ఒక్క మాట కూడా అనకపోవచ్చు. మాస్క్‌లన్నిటికీ ఒకే 64 బిట్ల రకం పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

అడిగేటప్పుడు "వీటిలో ఏదైనా ఉందా", "ఇవన్నీ ఉన్నాయా" అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిది ఫలితం సున్నా కాదా అని చూస్తుంది. రెండోది ఫలితం మాస్క్‌తో సమానమా అని చూస్తుంది. రెండు చిన్న ఫంక్షన్లు రాసి, కోడ్‌లో ఎక్కడా చేత్తో & వాడకండి. ఇక సి భాషలోని బిట్‌ఫీల్డ్ స్ట్రక్చర్ చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ లోపల బిట్ల క్రమం కంపైలర్ ఇష్టం. స్టేటస్ బైట్‌తో వరుస కలవాలన్న మన పథకానికి అది పనికిరాదు.

5. పట్టిక నింపడం

256 సంఖ్యలను చేత్తో టైపు చేయకండి. ఒక ఆప్‌కోడ్ లక్షణాలు రెండు చోట్ల నుంచి వస్తాయి: ఇన్‌స్ట్రక్షన్ పేరు నుంచి కొన్ని, అడ్రసింగ్ మోడ్ నుంచి కొన్ని. ఏడీసీ (క్యారీతో కలిపి కూడేది) ఏ మోడ్‌లో ఉన్నా రాసే ఫ్లాగులు అవే:

రాసేవి(ఏడీసీ) = ఎన్ | వీ | జెడ్ | సీ
చదివేవి(ఏడీసీ) = సీ | డీ

డీ ఎందుకంటే, డెసిమల్ ఫ్లాగు ఎక్కి ఉంటే కూడిక పద్ధతే మారిపోతుంది. అంకెల్లో ఈ రెండు మాస్క్‌లు 195, 9. ఎల్‌డీఏ (రిజిస్టర్‌లోకి విలువను లోడ్ చేసేది) రాసేవి ఎన్, జెడ్, అంటే 130. సీఎంపీకి (పోల్చేది) సీ కూడా కలిసి 131. బీఐటీకి (మెమరీలోని బిట్లను పరీక్షించేది) ఎన్, వీ, జెడ్ కలిసి 194. ఆరు ఫ్లాగులూ కలిస్తే 207. ఈ చివరి సంఖ్యతో ముందు ముందు పని ఉంది.

ప్రోగ్రామ్ మొదలైనప్పుడు పేరు లక్షణాలను, మోడ్ లక్షణాలను | తో కలిపి పట్టిక తయారు చేస్తే, మీరు చేత్తో రాసేది 56 పేర్లు, 13 మోడ్‌లు, ఏ ఆప్‌కోడ్ ఏ జంటదన్న జాబితా. అంతే.

పేజీ దాటే బిట్‌ను కూడా ఇలాగే లెక్కకట్టవచ్చు. ఎక్స్‌తోనో వైతోనో ఇండెక్స్ చేసిన అబ్సల్యూట్ మోడ్‌లు, పరోక్షం తర్వాత వై కలిపే మోడ్: ఈ మూడింటిలో కూడికకు క్యారీ వచ్చి చిరునామా పై బైట్ మారితే, దాన్ని సరిచేయడానికి ఒక సైకిల్ పడుతుంది. చదివేటప్పుడు చిప్ దిద్దని చిరునామా నుంచే ముందు చదివేస్తుంది, అది సరైనదైతే సైకిల్ మిగులుతుంది. రాసేటప్పుడు అలా తొందరపడితే వేరే చోట చెత్త పడుతుంది కాబట్టి, ఎస్‌టీఏ (మెమరీకి రాసేది) పేజీ దాటినా దాటకపోయినా ఆ అదనపు సైకిల్ తీసుకుంటుంది. కాబట్టి బిట్ పడేది ఈ మూడు మోడ్‌లలో చదివి, రాయని వాటికే. బ్రాంచ్‌ల లెక్క వేరు. దారి మళ్లకపోతే 2 సైకిళ్లు, మళ్లితే 3, మళ్లి పేజీ దాటితే 4.

ఈ బిట్ "పేజీ దాటింది" అని చెప్పడం లేదని గమనించండి. దాటితే ఏమవుతుందో చెబుతోంది. దాటిందా లేదా అన్నది నడిచేటప్పుడు తెలిసేది, అది పట్టికలో ఉండదు. ఫామికామ్ కార్ట్రిడ్జ్‌లలో రోమ్ (చదవడానికే ఉన్న మెమరీ) చిరునామాలకు రాస్తే బ్యాంకు (ఆ చిరునామాల్లో కనిపించే మెమరీ ముక్క) మారే ఏర్పాట్లు ఉన్నాయి. అక్కడ ఎస్‌టీఏ నడుస్తున్న కోడ్‌ను కాళ్ల కింది నుంచే లాగేయగలదు. అయినా ఎస్‌టీఏకి "బ్యాంకు మారుస్తుంది" అనే బిట్ పెట్టకూడదు. "మెమరీకి రాస్తుంది" అన్నంతవరకే పట్టిక పని, చిరునామా చూసి తేల్చడం నడిచే కోడ్ పని.

6. ఫలం దక్కే చోటు: వెనక నుంచి నడక

డిసెంబ్లర్‌కు, డీబగ్గర్‌కు ఈ పట్టిక ఎలా ఉపయోగపడుతుందో మీకు తెలిసిపోతూనే ఉంటుంది. శ్రమకు అసలు ప్రతిఫలం జిట్‌లో, స్టేటస్ ఫ్లాగుల దగ్గర ఉంది.

6502లో చాలా ఇన్‌స్ట్రక్షన్లు ఏవో ఫ్లాగులను మారుస్తాయి. వాటిలో చాలావాటిని ఎవరూ చూడకముందే తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ తుడిచేస్తుంది. ఎవరూ చూడని ఫ్లాగును లెక్కకట్టడం వృథా. ఎవరు చూస్తారో తెలియాలంటే బ్లాక్ చివరి నుంచి మొదటికి నడవాలి. "బతికి ఉన్నవి" అనే ఒక బైట్ పెట్టుకోండి: తర్వాత ఎవరైనా చదవగల ఫ్లాగులు అందులో ఉంటాయి. బ్లాక్ చివర అందులో 207, అంటే అన్నీ. ఆ తర్వాత ఎవరు చదువుతారో మనకు తెలియదు కాబట్టి అన్నీ కావాలనే అనుకోవాలి. ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ దగ్గర రెండు పంక్తులు:

అవసరం = రాసేవి & బతికి
బతికి = (బతికి & ~రాసేవి) | చదివేవి

రెండో పంక్తిలో క్రమం ముఖ్యం. ముందు తీసేయాలి, తర్వాత కలపాలి. ఆర్‌ఓఎల్ (బిట్లను క్యారీ మీదుగా ఎడమకు తిప్పేది) సీని చదివి, సీనే రాస్తుంది. క్రమం తిరగేస్తే దానికి ముందున్న సీ చచ్చిపోయిందని లెక్క తప్పుతుంది.

ఒక చిన్న బ్లాక్ తీసుకుందాం: ఎల్‌డీఏ 5, సీఎల్‌సీ (క్యారీని సున్నా చేసేది), ఏడీసీ, ఎస్‌టీఏ, బీసీసీ (క్యారీ సున్నా అయితే దారి మళ్లేది). చివర బతికి ఉన్నవి 207. బీసీసీ సీని చదువుతుంది, అది ఎలాగూ ఉంది, 207 మారదు. ఎస్‌టీఏ ఫ్లాగుల జోలికి పోదు. ఏడీసీ దగ్గర అవసరం 195 & 207, అంటే 195, అన్నీ లెక్కకట్టాల్సిందే. బతికి ఉన్నవాటిలోంచి 195 తీసేస్తే 12, చదివే 9 కలిపితే 13: డీ, ఐ, సీ. సీఎల్‌సీ రాసేది సీ ఒక్కటే, అది 13లో ఉంది కాబట్టి అవసరమే. ఆ తర్వాత మిగిలింది 12. ఇప్పుడు ఎల్‌డీఏ: 130 & 12 సున్నా. ఎల్‌డీఏకి ఫ్లాగుల కోడ్ ఒక్క బైట్ కూడా అక్కరలేదు. జిట్ దాన్ని ఒట్టి లోడ్‌గా మార్చేయవచ్చు.

రెండు & గుర్తులు, ఒక ~, ఒక |. ఇన్‌స్ట్రక్షన్ ఏదన్న ప్రశ్న ఎక్కడా రాలేదు. లక్షణాలను బిట్లుగా రాయడం వల్ల అసలు లాభం నాకు ఇక్కడే కనిపించింది. విడివిడి ప్రశ్నలకు జవాబు ఏ పట్టికైనా చెబుతుంది. బిట్లుగా ఉంటే జవాబులన్నీ ఒకే దెబ్బలో కలుస్తాయి, తీసివేతకు గురవుతాయి. ఇదే నడకను 24–31 గదుల్లోని రిజిస్టర్ మాస్క్‌లతో చేస్తే ఎవరూ వాడని రిజిస్టర్ రాతలు కూడా బయటపడతాయి.

పీహెచ్‌పీ, బీఆర్‌కే స్టేటస్ మొత్తాన్ని స్టాక్ మీదికి నెడతాయి, వాటి చదివే మాస్క్ 207. ఇది మరచిపోతే తప్పు చాలా దూరంలో, చాలా ఆలస్యంగా తేలుతుంది. ఇంటరప్ట్‌లను బ్లాకుల సరిహద్దులోనే తీసుకుంటే మాత్రం వాటి గురించి వేరే జాగ్రత్త అక్కరలేదు, అక్కడ అన్నీ బతికే ఉంటాయి.

నేను చేసిన తప్పు చెబుతాను. బీఐటీ గడిని ఏఎన్‌డీ నుంచి నకలు చేశాను. రాసేవి ఎన్, జెడ్. వీని మరచిపోయాను. ఇంటర్‌ప్రెటర్ (మొదటి స్విచ్‌తో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌ను నడిపేది) పట్టికను చూడదు కాబట్టి అందులో అంతా బాగానే ఉంది. జిట్‌లో ఒక ఆట మొదటి తెర దగ్గర గడ్డకట్టింది. ఫామికామ్‌లో $2002 చిరునామాలోని ఆరో బిట్, మొదటి స్ప్రైట్ (తెర మీద కదిలే బొమ్మ) నేపథ్యాన్ని తాకిందని చెబుతుంది. తెర పైభాగాన్ని కదలకుండా ఉంచాలనుకునే ఆటలు బీఐటీతో ఆ చిరునామాను చదివి, బీవీసీతో (వీ సున్నా అయితే మళ్లే బ్రాంచ్) వెనక్కి తిరుగుతూ ఆ బిట్ కోసం ఎదురుచూస్తాయి. నా పట్టిక ప్రకారం బీఐటీ వీని రాయదు, అందుకే జిట్ దాన్ని లెక్కకట్టలేదు, ఆట అనంతంగా ఎదురుచూసింది. ఆ రోజంతా గ్రాఫిక్స్ కోడ్‌లో వెతికాను.

7. "రాస్తుంది" అంటే తప్పకుండానా, అప్పుడప్పుడా?

6502లో ఈ ప్రశ్న రాదు. రాసే ఫ్లాగును ఎప్పుడూ రాస్తుంది. పీసీల్లో ఉండే ఎక్స్86లో వస్తుంది. అక్కడ షిఫ్ట్ ఎన్ని స్థానాలో సీఎల్ రిజిస్టర్ చెప్పినప్పుడు, ఆ సంఖ్య సున్నా అయితే ఫ్లాగులేవీ మారవు. అలాంటి ఇన్‌స్ట్రక్షన్‌కు పాత ఫ్లాగులను చంపే హక్కు లేదు. అందుకని రెండు మాస్క్‌లు కావాలి. "రాయవచ్చు" అన్నది అవసరం లెక్కకు, "తప్పక రాస్తుంది" అన్నది చంపే లెక్కకు. ఒకే మాస్క్‌తో సరిపెట్టుకుంటే నూటికి తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా నడిచే జిట్ తయారవుతుంది. ఎప్పుడూ నడవని జిట్ కన్నా అది ప్రమాదం.

పేజీ ఫాల్ట్ (అడిగిన మెమరీ అందుబాటులో లేదన్న ఆటంకం) ఇవ్వగల మెమరీ ఇన్‌స్ట్రక్షన్లు ఇంకో మెలిక. ఫాల్ట్ వస్తే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ క్షణపు ఫ్లాగులను చూడగలదు. "ఫాల్ట్ కావచ్చు" అనే బిట్ ఉన్న ప్రతి చోటా, ఒకటి: బతికి ఉన్నవి అన్నీ అని ఒప్పుకోవాలి. లేదా రెండు: ఫాల్ట్ వచ్చినప్పుడు ఫ్లాగులను తిరిగి లెక్కకట్టే దారి ఉంచుకోవాలి.

8. పట్టికను నమ్మకండి, నిరూపించండి

లెక్కపెట్టి తేల్చగలిగేవి ముందు. మాన్యువల్‌లో లేదన్న బిట్ లేని గడులు సరిగ్గా 151 ఉండాలి. మిగిలినవి 105, అందులో చిప్‌ను ఆపేసేవి 12. షరతు బ్రాంచ్‌లు 8. అడ్రసింగ్ మోడ్ సున్నాగా ఏ గడీ ఉండకూడదు.

తర్వాతి పరీక్షకు మీ ఇంటర్‌ప్రెటర్‌నే సాక్షిగా పిలవండి. ప్రతి ఆప్‌కోడ్‌కు రిజిస్టర్లు, మెమరీ యాదృచ్ఛికంగా నింపిన స్థితిని తయారు చేయండి. ఒక స్టేటస్ ఫ్లాగును ఎంచుకుని, అది 0గా ఉన్నప్పుడు ఒకసారి, 1గా ఉన్నప్పుడు ఒకసారి, మిగతా అంతా ఒకేలా ఉంచి, ఆ ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌ను నడపండి. ఇక పోల్చండి:

- రాసే మాస్క్‌లో లేకపోతే, ఆ ఫ్లాగు రెండు పరుగుల్లోనూ మొదలైన విలువతోనే ముగియాలి.
- చదివే మాస్క్‌లో లేకపోతే, ఆ ఫ్లాగు తప్ప మిగతా స్థితి రెండింటిలోనూ ఒకేలా ఉండాలి.
- రాసే మాస్క్‌లో ఉండి, చదివే మాస్క్‌లో లేకపోతే, చివరి విలువ రెండింటిలోనూ ఒకటే కావాలి.
- చదివే మాస్క్‌లో ఉంటే, వేల ప్రయత్నాల్లో ఒక్కసారైనా తేడా కనిపించాలి.

నాలుగోది తప్పితే ఆట ఆగదు, వేగం మాత్రం పోతుంది. మొదటి మూడూ తప్పితే ఆట పోతుంది. నా బీఐటీ తప్పును మొదటి నియమం మొదటి క్షణంలోనే పట్టుకుని ఉండేది. ఏడీసీ డీని చదువుతుందన్న విషయం బయటపడాలంటే అంకెలు 9 దాటే కూడికలు రావాలి, అందుకే స్థితులు వందల్లో కాదు, వేలల్లో ఉండాలి. చిప్‌ను ఆపేసేవాటినీ, $8బి వంటి మాన్యువల్‌లో లేని అస్థిరమైన వాటినీ పరీక్ష నుంచి మినహాయించండి. వాటి ఫలితం అసలు చిప్‌లలోనే ఒకదానికీ ఇంకోదానికీ కలవదు.

9. ఇతర చిప్‌లకు వెళ్లేటప్పుడు

సొంత బంధువుల దగ్గరే తేడాలు మొదలవుతాయి. ఫామికామ్‌లోని చిప్‌లో డెసిమల్ కూడిక పని చేయదు, అక్కడ ఏడీసీ చదివే మాస్క్ 9 కాదు, 1. 65సీ02లో (6502 తర్వాతి రూపం) బీఆర్‌కే ఐని ఎక్కించడమే కాక డీని దించుతుంది కూడా, దాని రాసే మాస్క్ 4 నుంచి 12 అవుతుంది. అదే చిప్ బీఆర్‌ఏ అనే షరతు లేని బ్రాంచ్‌ను తెచ్చింది. రిలేటివ్ మోడ్ ఉంటే షరతు ఉన్నట్టే అని 6502 చూసి ఎవరైనా సూత్రం అల్లి ఉంటే అది ఇక్కడ తెగుతుంది. ప్రతి చిప్‌కూ విడి పట్టిక కట్టండి. అసలు పట్టికను నకలు చేసి, తేడా ఉన్న గడులను మార్చే చిన్న ఫంక్షన్ చాలు.

జెడ్80లో (మరో ఎనిమిది బిట్ల చిప్) $సీబీ, $డీడీ, $ఈడీ, $ఎఫ్‌డీ బైట్లు ముందు చేరి అర్థం మారుస్తాయి. వాటికి "ఇది ఉపసర్గ, తర్వాతి పట్టికకు వెళ్లు" అనే ఒక బిట్, ఏ పట్టికో చెప్పే ఒక ఫీల్డ్ చాలు.

మిప్స్, పవర్‌పీసీ వంటి 32 బిట్ల స్థిర పొడవు ఇన్‌స్ట్రక్షన్లలో మాత్రం ఆలోచన మారాలి. అక్కడ "ఎక్స్ రిజిస్టర్‌ను చదువుతుంది" అని పట్టికలో రాయలేం. ఏ రిజిస్టర్ అన్నది ఇన్‌స్ట్రక్షన్ లోపలి అయిదు బిట్లలో ఉంటుంది. కాబట్టి పట్టిక "మొదటి మూల రిజిస్టర్ స్థానంలో ఉన్నదాన్ని చదువుతుంది" అనాలి, డీకోడ్ చేసేటప్పుడు ఆ స్థానం చూసి అసలు రిజిస్టర్ మాస్క్ కట్టాలి. పవర్‌పీసీ ఇంకో మెట్టు ఎక్కుతుంది. చాలా గణిత ఇన్‌స్ట్రక్షన్లలో చివరి బిట్ 1 అయితేనే పోలిక ఫలితం నమోదవుతుంది. డాల్ఫిన్ పట్టికలో దీనికి ప్రత్యేకంగా ఒక బిట్ ఉంది. "ఫ్లాగు రాస్తుంది" అని కాక, "రాస్తుందో లేదో ఇన్‌స్ట్రక్షన్ చివరి బిట్‌నే అడుగు" అని దాని అర్థం. మిప్స్‌లో బ్రాంచ్ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ కూడా నడిచాకే దారి మళ్లుతుంది కాబట్టి, దారి మార్చే బిట్ ఉన్నచోట బ్లాక్‌ను ఒక అడుగు ఆలస్యంగా కోయాలి. ఆ అదనపు ఇన్‌స్ట్రక్షన్ రాసే రిజిస్టర్‌నే బ్రాంచ్ షరతు కోసం చదువుతుంటే, షరతును ముందే తేల్చి పక్కన పెట్టుకోవాలి. ఆ ఢీ ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు మాస్క్‌ల మధ్య ఒక & సరిపోతుంది.